కంట్రోల్-డి రెండోసారి నొక్కితే

2019 వేసవి. వరంగల్‌లోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ కంప్యూటర్ సెంటర్‌లో సర్వర్ల బాధ్యత నాది. ఏ ఫిర్యాదు వచ్చినా టైముతో సహా డైరీలో రాసుకునేవాణ్ణి.

నస్రీన్ అనే రీసెర్చ్ విద్యార్థిని హసన్‌పర్తి చుట్టుపక్కల బావుల నీటిమట్టం మీద పని చేసేది. ఆమె ప్రోగ్రాం ఆగకుండా మూడు రోజులు నడవాలి. సోమవారానికి ఫలితాలు రాకపోతే థీసిస్ ఆర్నెల్లు వెనక్కి పోతుంది. గురువారం మధ్యాహ్నం పరుగున వచ్చింది.

“సార్, మల్ల లాగౌట్ అయింది. మూడోసారి! ప్రోగ్రాం ఆగిపోయింది.”

లాగౌట్ అయినవారి పనులన్నీ సర్వర్ ఆపేయాలన్నది మా సెంటర్ నియమం. నెట్‌వర్క్ చూసే సమ్మయ్య అక్కడే ఉన్నాడు.

“నా లైన్ మీద పడకుండ్రి సార్. తెగితే అందరికి తెగాలె గద. ఈ మేడం మీద నా లైనుకేమన్న పగనా?”

డైరీ తీశాను. మూడుసార్లూ రెండుంబావుకూ రెండున్నరకూ మధ్యే జరిగింది. ల్యాబ్ క్లాసులు మొదలై, సర్వర్ మీద భారం పెరిగి, తెర ఆలస్యంగా కదిలే వేళ అది.

“ప్రోగ్రాం కొద్దిసేపైనంక మల్ల మొదలుపెడుదువు. ముందు నువ్వు చేసే పని నాకు చూపియ్యి బిడ్డా,” అని పక్కన కూర్చున్నాను.

ప్రోగ్రాం ఒకవైపు నడుస్తుండగా, అదే షెల్‌లో, అంటే ఆదేశాలు టైప్ చేసే నల్ల తెరలో, ఆమె బావుల అంకెలు ఫైళ్లలోకి ఎక్కించేది. ఒక బావి అయిపోగానే కంట్రోల్-డి నొక్కాలి. ఇక టైప్ చేసేదేమీ లేదని దాని అర్థం. నొక్కింది. తెర కదల్లేదు. మళ్లీ నొక్కింది. లాగౌట్!

“రెండుసార్లెందుకు నొక్కినవ్?”

“మొదటిది పడలేదనుకున్న సార్. లిఫ్ట్ బటన్ మీరు ఒక్కసారే నొక్కుతరా?”

“సార్ నాలుగుసార్లు నొక్కుతడు!” సమ్మయ్య పగలబడి నవ్వాడు.

తెర కదలకున్నా మొదటి నొక్కుతోనే ఫైలు మూతపడింది. రెండోది నేరుగా షెల్‌కు చేరింది. ఈమె పని ముగిసిందనుకుని అది బయటికి పంపేసింది.

ఆమె అకౌంట్‌లో, షెల్ తెరుచుకోగానే చదువుకునే సెట్టింగ్స్ ఫైలులో ఒకే లైన్ చేర్చాను: IGNOREEOF=10. ఇక వరుసగా పదిసార్లు నొక్కినా షెల్ మూతపడదు. పోవాలంటే logout అని టైప్ చేయమని చెబుతుంది. సాయంత్రం నాలుగింటికి ప్రోగ్రాం మళ్లీ మొదలైంది. మరొక్కసారి ఆగితే ఇక టైము లేదు.

శుక్రవారం రెండుంబావుకు నేనే వెళ్లి ఆమె వెనుక నిలబడ్డాను. తెర ఆగింది. ఆమె వేలు రెండోసారి పడనే పడింది. క్షణం తర్వాత షెల్ హెచ్చరిక కనిపించింది.

“పోలేదు సార్! నడుస్తాంది!” అని కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టింది.

ఆదివారం సాయంత్రం అన్ని బావుల ఫలితాలూ వచ్చాయి. సోమవారం పొద్దున వాటిని గైడ్‌కు అందజేసింది.

మొదటి రెండుసార్లూ నేను ఆమెతో అన్నది “జాగ్రత్తగా చెయ్యి బిడ్డా” అని మాత్రమే. వేలికి జాగ్రత్త చెప్పి లాభం లేదు; పొరపాటు పడ్డా పని చెడకుండా చూడటమే నా ఉద్యోగం. ఆ వారమే అందరి అకౌంట్లలో ఆ లైన్ చేర్చాను. ‘వాడినవారి పొరపాటు’ అని రాసి వదిలేసిన పాత ఫిర్యాదులన్నీ మళ్లీ చదివాను. వాటిలో నాలుగింటికి మందు దొరికింది.