నలుగురి పాటలో ఐదో గొంతు

మా ఊరి భజన గుంపులో ఉండేది నలుగురే. అయినా ఆ వేసవిలో ఒక సాయంత్రం గుడి అరుగు మీద ఐదో గొంతు వినిపించింది. పాటకు ముందు నలుగురూ శ్రుతి కలిపి, నోరంతా తెరిచి, దమ్మున్నంతసేపు 'ఆ' అని నిలపడం మా వాళ్ల అలవాటు. అలా నిలిపినప్పుడు వాళ్ల తలల పైన ఎక్కడో, సన్నగా, ఇంకో స్వరం పలికింది. నేను వెంటనే డైరీలో టైము రాసుకున్నాను. తూనికలు కొలతల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి; దేన్నయినా తూచకుండా నమ్మను.

గుంపుకు పెద్ద ఒక వేరుశనగ రైతు. హార్మోనియం ఆయనది కాబట్టి సంగీతం కూడా ఆయనదే. మధ్య గొంతులు ఇద్దరు అన్నదమ్ములవి. ఆయన తల ఊపితే వాళ్లూ ఊపుతారు. పై శ్రుతి పట్టేది గొర్రెల కాపరి. శ్రుతి తప్పనివాడు అతనొక్కడే. అది అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు.

"ఎవర్రా ఈల ఏస్తాండేది?" పెద్దాయన హార్మోనియం ఆపేశాడు.

అందరి చూపూ కాపరి మీదికే పోయింది. గొర్రెల్ని ఈలతో మళ్లించేవాడు మరి! మూడు రోజుల్లో బత్తలపల్లెలో భజన పోటీ. దానికోసం అతను గొర్రెల్ని బావమరిదికి అప్పజెప్పి, తెల్లపంచె ఉతికి పెట్టుకున్నాడు.

నేను పరీక్ష పెడదామన్నాను. ఒక్కొక్కరినీ తప్పించి మిగతా ముగ్గురితో పాడించాలని డైరీలో నాలుగు గళ్లు గీశాను. మొదట కాపరిని పక్కన నిలబెట్టాం. ముగ్గురూ పాడారు. ఈల రాలేదు.

"ఇంకేమి సూడాల సారూ? దొరికె గదా దొంగ!" అన్నాడు పెద్దాయన. "పోటీకి నువ్వు రావొద్దురా. పోయి గొర్రెలు కాసుకో."

మూడు గళ్లు ఖాళీగా ఉండగానే నేను 'తేలింది' అని రాసి కింద గీత కొట్టాను.

కాపరి నా వైపు తిరిగాడు. "నోరు ఇంత తెరిసి ఈల ఎట్ల ఏసేది సారూ? మీరు ఏసి సూపీండి."

నేను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాను. అతను వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున అద్దం ముందు నోరు తెరిచి ఈల వేయబోయాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

"ఏమి, దవడ పట్టుకునిందా?" అంది మా ఆవిడ.

"ఈల వేస్తున్నా."

"నోరు మూసుకోని ఏయండి, వస్తాది."

ఆ సాయంత్రం కాపరిని పిలిపించి మిగతా గళ్లు నింపాను. తమ్ముణ్ణి తప్పిస్తే ఈల లేదు. అన్నను తప్పిస్తే లేదు. పెద్దాయన్ను తప్పించడానికి బతిమాలాల్సి వచ్చింది, అప్పుడూ లేదు. నలుగురూ కలిస్తేనే ఉంది. ప్రతి గొంతులోనూ సన్నని పై స్వరాలు దాగి ఉంటాయనీ, గొంతులన్నీ సరిగ్గా కలిస్తే అవి ఒకదానికొకటి తోడై చెవికి అందుతాయనీ చెప్పాను.

"అంటే దాంట్లో నాదీ ఉండాదా?" అన్నాడు పెద్దాయన.

"ఉండాదన్నా."

ఆయన కళ్లు మూసుకున్నాడు. "అట్లయితే అది ఈల కాదప్పా. సామి పలుకుతాండాడు."

అన్నదమ్ములు చెంపలు వేసుకున్నారు. నిన్న దొంగ అన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు. కాపరితో మాత్రం, "ఎల్లుండి పొద్దున్నే టెంపో కాడికి రా," అన్నాడు పెద్దాయన.

అతను వచ్చాడు, ఆ తెల్లపంచెలోనే. నేను అతన్ని పక్కకు పిలిచి, "తొందరపడినానప్పా," అన్నాను.

"ఈడ సెవిలో సెప్తే ఏమొస్తాది సారూ? ఆ పొద్దు నలుగురిలో సెప్పింటే బాగుండు."

టెంపో ఎక్కుతూ అతను గొంతు తగ్గించలేదు. "తప్పయినంతసేపు నాదొక్కనిదే. సామి అయినాక అందరిదీ అయిపాయ."

పెద్దాయన డ్రైవరు వైపు తిరిగి, "పోనీప్పా, ఎండెక్కుతాండాది," అన్నాడు. కాపరి వెళ్లి ఆయన పక్కనే కూర్చున్నాడు. ఆయన కొంచెం జరిగి చోటిచ్చాడు.