జ్యోతిరాణి నిద్రపోయే వేళ

వెంకటేశు గిటారు నేర్చుకున్నది ఆర్కెస్ట్రాలో. పూజ పందిళ్లలో డ్రమ్ములనూ జనరేటరు మోతనూ దాటి వినపడాలంటే ఉక్కు తీగలను పిక్ బిళ్లతో గట్టిగా కొట్టాలి. ఆ కొట్టడంలో ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్‌లో అతనికి పేరుంది.

ఆ పేరు విని సమీర పిలిచింది. తెలుగువాళ్ల అమ్మాయి, ఊరికి ఆ చివరున్న సాల్ట్ లేక్‌లో కంప్యూటర్ ఉద్యోగం. ఆదివారాలు అక్కడి కాఫీ షాపులో బ్రెజిల్ పాటలు పాడుతుంది. ఒక పాట ఫోనులో వినిపించింది. పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నంత మెల్లగా ఎవరో పాడుతున్నారు. గిటారుకు పిక్ లేదు. బొటనవేలు నిదానంగా నడుస్తుంటే మిగతా వేళ్లు దానికి కాస్త ముందో వెనకో పడుతున్నాయి. భాష తెలియకపోయినా, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు అనిపించింది. రాలేదని ఆ గొంతులో కోపం కూడా లేదు.

సమీర తన నైలాన్ తీగల గిటారు ఇచ్చింది. వెంకటేశుది ఒకటే గది. భార్య జ్యోతిరాణి నర్సింగ్ హోంలో రాత్రి డ్యూటీ ఆయా. పొద్దున వచ్చి పడుకుంటుంది. మధ్యాహ్నం అతను డాకులో గోదాము పనికి పోవాలి. సాధనకు ఆమె నిద్రపోయే వేళే దొరికేది. గడప మీద కూర్చుని వాయించేవాడు. ఆమె కదిలితే ఆగేవాడు, ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెట్టేవాడు. పాటలన్నీ అలాగే వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆమె మెలకువగా వినలేదు. ఇద్దరూ మేలుకుని ఉండే కాసేపూ నీళ్లకీ వంటకీ సరిపోయేది.

ఒక ఆదివారం ఆమెకు సెలవు దొరికింది. కాఫీ షాపుకి రమ్మన్నాడు.

"నానక్కడికొచ్చి ఏటి సేత్తాను?"

"కూకుని ఇంటావు. అంతే."

"నీ గిటారు నానెరగనేటి? పందిట్లో ఇన్నాను కదా. రెండ్రోజులు సెవులు దిబ్బడేసీసాయి."

"అది కాదు జోతీ. ఇది ఏరు."

ఆమె పెళ్లిళ్లకు కట్టే చీర కట్టుకుని వచ్చింది. ముందు బల్ల దగ్గర నిటారుగా కూర్చుంది. ఆమెకు వినపడాలన్న ఆత్రంలో వెంకటేశు మొదటి పాటను పందిట్లో కొట్టినట్టే కొట్టాడు. సమీర వంగి, ఆ ఊళ్లో అన్నని పిలిచేటట్టు, "మెల్లగా, దాదా. ఇక్కడ జనరేటర్ లేదు," అంది.

రెండో పాటకి అతని బొటనవేలు నడక అందుకుంది. వెంకటేశు తలెత్తి చూశాడు. జ్యోతిరాణి కళ్లు వాలిపోతున్నాయి. కాసేపటికి గడ్డం ఛాతీ మీదికి జారింది. ముందున్న కాఫీ ముట్టుకోలేదు. సమీర కూడా చూసి, వస్తున్న నవ్వు ఆపుకుంది.

ఏదో బల్ల మీద కప్పు గట్టిగా చప్పుడు చేసింది. జ్యోతిరాణి కదిలింది. వెంకటేశు వేళ్లు వాటంతటవే ఆగి, ఆమె ఊపిరి కుదుటపడ్డాక మళ్లీ తీగల మీద పడ్డాయి. చుట్టూ మాటలు తగ్గాయి. సమీర గొంతు ఆ గిటారు దాకా దిగింది. ఇన్నాళ్లూ సమీర అతన్ని అడుగుతున్నది ఆ మెల్లదనమే.

ఇంకొక్క చరణం మిగిలింది. ఇప్పుడైనా కళ్లు తెరిస్తే బాగుండునని అతను జ్యోతిరాణినే చూస్తున్నాడు. బొటనవేలు మాత్రం, ఆమె లేవకుండా, ఇంకా మెల్లగా నడిచింది.