నొప్పి ఎవరిదో అడిగే డాక్టరమ్మ

వాన పడ్డ రోజు నా క్లినిక్‌లో ఒక వాసన నిలుస్తుంది. తడిసిన కుక్క వెంట్రుకల వాసన, దాని మీద హోమియో మందులో కలిసే స్పిరిట్ ఘాటు. ఎంత ఫినాయిల్ వేసి తుడిచినా పోదు. ఈ ఉదయం షట్టరు ఎత్తగానే అదే ముక్కుకు తగిలింది. పని మొదలుపెట్టబుద్ధి కాక కుర్చీలో కూలబడ్డాను. ఈ కుర్చీ ఒకప్పుడు సలోమి మేడంది. జహీరాబాద్ బస్టాండు వెనక సందులో ఉన్న ఈ రెండు గదుల దవాఖాన కూడా ఆమెదే. మనుషులకు వైద్యం చేయడానికి చదువుకున్న మనిషి. ఎవరో తమ పిల్లిని తెచ్చి బతిమాలితే కాదనలేక చూశారు. ఆ తర్వాత కుక్కలూ రావడం మొదలై, ఊరు ఊరంతా ఆమెకు కుక్కల డాక్టరమ్మ అని పేరు పెట్టింది. మేడంకు కోపం రాలేదు. "మనుషులకన్న ఇవ్వే నయం. పక్కింటోళ్లు వేరే మందు చెప్పిన్రని వచ్చి లొల్లి పెడ్తయా?" అనేవారు. నేను రాయికోడ్ నుంచి వచ్చి ఇక్కడ మందుల పొట్లాలు కట్టే పనికి చేరాను. తిట్టి తిట్టి నాచేత హోమియో చదివించింది ఆవిడే.

హోమియోలో రోగిని బోలెడు ప్రశ్నలు అడగాలి. ఎండ ఇష్టమా, నీడ ఇష్టమా, ఏ పక్కకు తిరిగి పడుకుంటారు, దేనికి భయం. కుక్క చెప్పలేదు కనుక, మేడం ఆ ఇంటివాళ్లను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, తలుపు దగ్గరికేసి అడిగేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకూడదు. ఒకసారి మొగుడంపల్లి నుంచి ఒక కుటుంబం గోధుమరంగు కుక్కను తీసుకొచ్చింది. దానికి ఒళ్లంతా దురద. ముందు అత్తగారు లోపలికొచ్చింది.

"రాత్రిళ్లు పండుకుంటలేదమ్మా. కోడలు గిన్నెలు చప్పుడు చేస్తే దాని పానం మీదికొస్తది. పగటిపూట తిన్నంక ఛాతీల మంట లేస్తది" అంది.

"ఛాతీల మంటని కుక్క నీకెట్ల చెప్పింది పెద్దమ్మా?" అని మేడం నింపాదిగా అడిగారు.

ఆమె "అవ్, అది నాకే గదా" అని కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత వచ్చిన కోడలు, కుక్కకు ఈ ఇంట్లో ఊపిరాడటం లేదని చెప్పింది. నాకు నవ్వు ఆగక మందుల గదిలోకి పారిపోయాను. వాళ్లు వెళ్లాక మేడం నన్ను పిలిచి కూర్చోబెట్టారు. "నవ్వకు స్వరూపా. ఇంట్ల చెప్పుకోనీకి జాగ లేకపోతే గిట్లనే కుక్క మీదికెల్లి చెప్పుకుంటరు. మనం వినాలె. గని నొప్పి ఎవరిదో తెల్వకుండ గోలీ ఇయ్యొద్దు" అన్నారు.

ఆ చక్కెర గోళీలు నిజంగా పని చేశాయా అని ఇప్పటికీ అడుగుతుంటారు. కొన్ని కుక్కలు కోలుకున్నాయి. వాటంతట అవే కోలుకునేవేమో కూడా. వాదించే ఓపిక నాకు లేదు. మేడం మాత్రం కుక్కకు మూత్రం ఆగిపోయినా, ఫిట్స్ వచ్చినా సీసా ముట్టుకునేవారు కాదు. ఆటో పిలిచి పశువుల దవాఖానకు పంపేవారు. తన గోళీ వల్ల ఆలస్యమైతే ఆ పాపం తనకొద్దనేవారు. అంత కచ్చితంగా ఉన్న మనిషి బంటి దగ్గరికొచ్చేసరికి మారిపోయారు.

బంటి ఆవిడ పెంచుకున్న ఊరకుక్క. భర్త పోయాక ఆ ఇంట్లో ఆవిడకు తోడు అదొక్కటే. ముసలిదైపోయి, తిండి మానేసి, నీళ్లు తాగినా కక్కేది. పశువుల డాక్టరు గారు పరీక్ష చేయించి, "కిడ్నీలు పోయినయి మేడం. ఇగ తక్లీఫ్ పెట్టకుండ పంపిద్దాం" అన్నారు. మేడం "జర ఆగుదాం" అన్నారు. ఆ రోజు నుంచి పూటకో మందు మార్చారు. చుక్కలు పోయడానికి వెళ్తే బంటి మొదట్లో మొహం తిప్పుకునేది. తర్వాత తిప్పుకునే శక్తి కూడా పోయింది. తుంటి మీద పుండ్లు పడ్డాయి. కడిగేదాన్ని నేనే. కడుగుతుంటే అది మూలిగేది, నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చేవి. అన్నం పెట్టి, చదువు చెప్పిన మనిషి మీద కోపం రావడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

ఒక మధ్యాహ్నం రోగులెవరూ లేరు. నేను వెళ్లి ఈ కుర్చీలో కూర్చున్నాను.

"మేడం, ఇయ్యాల నేను అడుగుత. మీరు చెప్పున్రి. బంటికి సరైన మందు దొరుకుతదేమో చూద్దాం."

ఆవిడ నీరసంగా నవ్వి ఎదురుగా బల్ల మీద కూర్చున్నారు.

"నిద్ర ఎట్లున్నది?"

"నిద్రేడిది? జర కన్నంటుకుంటది, మల్ల మెలకువొస్తది. ఇంట్ల ఎవరన్న ఉన్నరా అని చూసుకుంటది."

"దేనికి భయం?"

"పొద్దుగూకుడంటే భయం. తలుపేసినంక ఇగ పలకరించెటోళ్లు ఉండరు గదా."

బంటి మా ఇద్దరి మధ్య గోనెసంచి మీద పడి ఉంది. "మేడం, బంటి నిన్నటిసంది కన్నే తెరుస్తలేదు" అన్నాను.

ఆవిడ కళ్లద్దాలు తీసి చాలాసేపు చీర చెంగుతో తుడిచారు. మళ్లీ పెట్టుకోలేదు. "డాక్టరుకు ఫోన్ చెయ్" అన్నారు.

ఆయన రాగానే మేడం నేల మీద కూర్చుని బంటి తల ఒళ్లోకి తీసుకున్నారు. సూది వేస్తున్నంతసేపూ దాని చెవులు నిమురుతూనే ఉన్నారు. అది పోయిందని ఆయన చెప్పాక, "ఇన్ని దినాలు నా నొప్పికి దానికి మందు పోసిన" అన్నారు. ఏడవలేదు. మేడం ఇంటి పెరట్లో పూడ్చి వచ్చాక నేను బస్సుకు బయలుదేరబోతే, "జర కూసో" అన్నారు. బస్సు పోయింది. ఇద్దరం అలాగే కూర్చున్నాం. ఆవిడ తన కోసం నన్ను అంతకుముందు ఎప్పుడూ ఏదీ అడగలేదు.

మేడం పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు తలుపు దగ్గరికేసి అడిగేది నేను. ఎవరి నొప్పి ఎవరిదో విడదీసి చెప్పడం నాకు చేతనవుతుంది గానీ అలవాటు కాలేదు. ఎదుటివాళ్ల మొహం మారినప్పుడల్లా ఇక ఈ పని మానేద్దామనిపిస్తుంది. మొన్న కోహీర్ నుంచి ఒక పెద్దాయన తన కుక్కను తెచ్చాడు. దానికి మిగిలింది బాధే. చెప్పాను. పశువుల డాక్టరు గారిని పిలిపించాను. అంతా అయిపోయింది గానీ, కుక్కను ఊరికి తీసుకెళ్లే ఆటో ఇంకా రాలేదు. ఆయన ఉత్త గొలుసు పట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. నాకు నడుము పట్టేసింది, ఇంటికి పోయి నడుం వాల్చాలని ఉంది.

"పెద్దనాయినా, మీరెప్పుడు తిన్నరు?" అని అడిగాను.

ఆయన ఆలోచించి, "యాదికి లేదు బిడ్డా" అన్నాడు.

డబ్బాలో మిగిలిన జొన్నరొట్టె ఆయన చేతికిచ్చి, పక్కన కూర్చున్నాను. ఆయన గొలుసు కింద పెట్టి, మెల్లగా ఒక ముక్క తుంచాడు.