నా బండి నింపలేని బ్యాటరీ

మా బాపు కొన్నేళ్లు నడిపి నాకిచ్చిన పాత మోటారుసైకిల్‌కు ఉండాల్సింది ఐదు ఆంపియర్ల బ్యాటరీ. అది పాడైతే కల్వకుర్తిలో దుకాణదారు తొమ్మిది ఆంపియర్లది తీసి నా ముందు పెట్టాడు.

"ఇంత పెద్దదాన్ని నా బండి చార్జ్ చేస్తదా?" అని అడిగాను.

"మగ్గం నేసేటోనివి, నీకెందుకయ్యా గా లెక్కలు? పెద్దదైతే ఫికరుండదు."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. ఆ నవ్వులు నాకింకా వినబడతాయి. బండి పెట్టెలో పట్టని బ్యాటరీని పాత ట్యూబు ముక్కతో కట్టి పంపించాడు.

మూడు నెలలకు హారన్ మూగబోయింది. నెల రోజులు నేసిన చీరల మూటతో వస్తుంటే మలుపులో దారి నిండా గొర్రెలు. ఎంత నొక్కినా చప్పుడు రాలేదు. గట్టిగా బ్రేకు వేసి పడ్డాను, చీరలన్నీ బురదపాలయ్యాయి.

"బండికి నోరు లేదా అన్నా?" అంటూ గొర్రెల కాపరే మూట ఎత్తి ఇచ్చాడు.

దుకాణానికి వెళ్లి నిలదీస్తే, "బ్యాటరీ మంచిదే. నీ బండే ముసల్ది," అన్నాడు. ముసలిదని తెలిసే కదా నేను ముందే అడిగింది.

మా ఊరి మెకానిక్ మీటరు పెట్టి చూశాడు. "నీ బండి ఇచ్చే కరెంటుకు గిది ఎన్నడు నిండది. సగం ఆకలితోనే సచ్చింది. ఐదుదే పెట్టు."

ఐదుదే పెట్టించాను. ఇప్పటికీ ఆ దుకాణం ముందునుంచి వెళ్లినప్పుడల్లా బండి ఆపి, అతను తలెత్తి చూసేదాకా హారన్ నొక్కుతూనే ఉంటాను.