పదికి పదిహేడు గింజలు

కొత్త చింతపండు వాసన తగిలితే ఇప్పటికీ నా చేతులు ఊరికే ఉండవు. మొన్న మా అపార్ట్‌మెంట్ మిద్దె మీద ఎవరో చింతపండు ఎండబోశారు. ఆ పుల్లటి, తియ్యటి, కాస్త దుమ్ము కలిసిన వాసన మెట్ల దాకా దిగివచ్చేసరికి, లిఫ్టు ఎక్కాల్సిన దాన్ని అక్కడే నిలబడిపోయి లాలాగూడలోని మా పెంకుటింటికి వెళ్ళిపోయాను.

ఉగాది ముందు ఎండ చురుక్కుమనే వేళ ఆ ఇంటి వాకిట్లో చాప పరిచి, అమ్మా, పక్కింటి బీబమ్మ పిన్నీ ఎదురెదురుగా కూర్చుని, ఊరందరి సంగతులూ తిరగేస్తూ చింతపండు కొట్టి గింజలు తీసేవాళ్ళు. ఆ గింజలన్నీ నావీ, పిన్ని కూతురు రజియావీ. నున్నటివి ఏరుకుని వామనగుంటలాడేవాళ్ళం, ఓడిపోతే రజియా గింజలు దాచేసేది, నేను దాని జడ పట్టుకునేదాన్ని. రజియా నాన్న కాసిం చాచా కంటోన్మెంటులో దర్జీ, మా బాపు రైల్వే కార్ఖానాలో ఫిట్టరు. రంజాన్‌కు వాళ్ళ షీర్ ఖుర్మా ఇటు, ఉగాదికి మా భక్షాలు అటు. రెండిళ్ళ నడుమ గోడ లేదు, ఉన్నదల్లా ఒక్క బావి.

పోలీస్ యాక్షన్ నాటి భయానికి కాసిం చాచా పిల్లాజెల్లాతో పాతబస్తీలోని చుట్టాలింటికి వెళ్తూ, "అన్నా, ఇల్లు జెర సూస్తుండు" అని బాపుతో చెప్పి వెళ్ళాడు. బాపు ఆ మాట నిలబెట్టుకున్నాడు. బావుల్లో విషం కలుపుతున్నారని పుకార్లు లేస్తున్న రోజులవి కాబట్టి రేకులు తెచ్చి బావిని మా వాకిట్లోకి కలిపి తడక కట్టాడు. చాచా తిరిగొచ్చి, షుక్రియా చెప్పకుండా, "బాయి మీదెప్పుడైంది?" అని నలుగురిలో అడిగాడు. బాపుకు రోషం వచ్చి తడక తియ్యనన్నాడు. బావి తవ్వించింది మా అబ్బాజాన్ అని చాచా, రాజ్యం మారింది, కోర్టు నా మాటే వింటుందని బాపు. ఇద్దరూ దావా వేస్తామన్నారు. దావా పడితే ఇల్లమ్మేసి షోలాపూర్‌లో అన్న దగ్గరికి పోతానని చాచా తేల్చేశాడు. ఆ ఉగాదికి మా భక్షాలు తడక దాటలేదు. రేకు సందులోంచి నన్ను చూసి రజియా మొహం తిప్పేసుకున్న రోజున నేను అన్నం తినలేదు.

అమ్మ ఇక ఆగలేక మారేడ్‌పల్లి నుంచి వాళ్ళ నాన్నను పిలిపించింది. తాత వకీలు. ఆయన నల్లకోట్లన్నీ కుట్టింది చాచానే కాబట్టి పిలవగానే చాచా కూడా వచ్చి కూర్చున్నాడు. దావా రాసేముందు ఇరుపక్షాలనూ అరుగు మీద కూర్చోబెట్టి చింతగింజలు పంచడం తాత అలవాటు. ఆ రోజు గింజలు నావే.

"చెరో పది తీసుకోండ్రి. గెలుస్తమని ఎంత నమ్మకముంటే గన్ని ముంగట పెట్టుండ్రి," అన్నాడు తాత.

బాపు ఎనిమిది పెట్టాడు. చాచా తొమ్మిది.

"పది పెడితే గెలుపు పక్కా అన్నట్టు. గెలిచేది ఒక్కరే, ఇద్దరియి కలిపితే పది దాటొద్దు గదా. పదిహేడెట్లయినయ్? ఎవలో పగటి కల గంటున్నరు. కాసిమూ, ఇగ నువ్వు మా అల్లుని వకీలువు. అల్లుడూ, నువ్వు కాసిం వకీలువు. మాట్లాడుండ్రి."

చాచానే ముందు అందుకున్నాడు. "ఆ దినాలల్ల ఈయన లేకుంటే నా ఇంటికి తలుపులు సుత మిగలకపోతుండె," అని, ఎవరూ చెప్పకుండానే నాలుగు గింజలు వెనక్కి తీసుకున్నాడు. బాపు తల దించుకుని, "బాయి తవ్విచ్చింది వాళ్ళ నాయిన. కాసిం తిరిగి వచ్చెటాల్లకు నీళ్ళ కోసం పొరుగోన్ని అడుక్కునే గతి పట్టింది," అన్నాడు. ఆయనా మూడు గింజలు వెనక్కి తీసుకున్నాడు.

"రాజ్యం మారింది గని బాయి జాగ మారలే," అన్నాడు తాత. "ఏ జడ్జి ఏమంటడో నాకే తెల్వది. తీర్పొచ్చేదాంక పిల్లలు ఏం నీళ్ళు తాగుతరు? గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

ఆ సాయంత్రమే రేకులు విప్పారు, ఒక కొస బాపు పట్టుకుంటే ఇంకో కొస చాచా. తర్వాత ఇళ్ళ నడుమ గోడ కట్టినా అది రెండు వైపుల నుంచీ బావి గట్టు దాకా వచ్చి ఆగింది, బావి మీద రెండిళ్ళకూ రెండు గిరకలు వేశారు. అమ్మ అప్పటికప్పుడు పప్పు ఉడకేసి భక్షాలు చేసింది. పండగ దాటిపోయి చేసిన ఆ భక్షాలంత రుచి నేను మళ్ళీ ఎరగను. షోలాపూర్ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడా ఇళ్ళు లేవు, బావి పూడ్చి కార్లు నిలుపుతున్నారు, దావాకు ముందు గింజలు పంచే వకీళ్ళూ లేరు. మొండివాళ్ళయినా ఒకరి తరఫున ఒకరు మాట్లాడగలిగిన ఆ ఇద్దరికీ, తాతకూ నేను రుణపడి ఉన్నాను. ఆ దావా పడి ఉంటే చాచా షోలాపూర్‌లో ఉండేవాడు. బాపు పోయిన నాడు మాకెవరికీ చేతులాడకపోతే, ఆయన కడసారి స్నానానికి నీళ్ళు చేది పోసింది కాసిం చాచానే.