చారుకు ఇంకో పేరు

తొంభైల్లో తిరుపతిలో నేను పనిచేసిన ఆఫీసులో మధ్యాహ్నం ఐదుగురం ఆడవాళ్ళం ఒకే బల్ల చుట్టూ కూర్చుని తినేవాళ్ళం. అందరిలోకీ చిన్నది ఒక వైష్ణవుల అమ్మాయి. వాళ్ళ నాయన గుడిలో ప్రసాదాలు వండేవారు. చేరిన రోజే క్యారియరు మూత తీసి నావైపు జరిపింది.

“సాత్తుముదు పోసుకోండక్కా, అమ్మ చేసింది.”

తొంగిచూస్తే చారు. మిరియాలు దంచి వేసిన మామూలు చారు.

“చారుకు ఇంత పొడుగు పేరా తల్లీ! ఇది పలికేలోపల మా పక్క సంగటి సల్లారిపోతాది,” అన్నాను. అందరూ నవ్వారు. ఆ పిల్లా నవ్వింది.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. నా నోరు ఊరుకునే రకం కాదు. పాయసాన్ని తిరుకణ్ణముదు అంటే దానికీ ఎగతాళే, వంటను తళిగ అంటే దానికీ ఎగతాళే. ఆఖరికి ఆ అమ్మాయికే సాత్తుముదు అని పేరు పెట్టేశాను. ఫైలు కావాలన్నా “ఏమ్మా సాత్తుముదూ” అనే పిలిచేదాన్ని.

ఆ బాధ నాకు తెలియనిదా? చిత్తూరు పక్క పల్లె నుంచి కాలేజీకి వచ్చిన కొత్తలో “బస్సు యాడుండాది” అన్నానని తోటిపిల్లలు ఏడాదంతా ఏడిపించారు. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నేనూ హాస్టల్లో అలాగే ఏడ్చాను. ఆ నవ్వును ఇంకొకరి నెత్తిన రుద్దాలని ఎదురుచూస్తున్నానేమో, ఈ పిల్ల దొరికింది.

కొన్నాళ్ళకు “చారు పోసుకోండక్కా” అనడం మొదలుపెట్టింది. దారికొచ్చిందిలే అనుకున్నాను, సిగ్గులేకుండా.

పదేళ్ళ తర్వాత ఒక ఆదివారం నన్ను వాళ్ళింటికి భోజనానికి పిలిచింది. డెబ్బై దాటిన వాళ్ళమ్మ నడుం వంగిపోయినా తనే వడ్డిస్తానని గిన్నె పట్టుకుని నా ఆకు దగ్గరికొచ్చారు.

“కొంచెం సాత్తుముదు పొయ్యనామ్మా?”

నేను బదులిచ్చేలోపలే కూతురు గబుక్కున అందుకుంది.

“చారు అనమ్మా. వాళ్ళ ముందు అట్లా అనొద్దు.”

పెద్దావిడ నా ముఖంలోకి చూశారు. ఆమె ఇల్లు, ఆమె వంట. అయినా ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి మళ్ళీ అడిగారు.

“చారు పొయ్యనా?”

సాత్తుముదే పొయ్యండమ్మా అనాలని ప్రాణం కొట్టుకుంది. కానీ ఆ మాట నా నోట వస్తే కూతురికి అది మళ్ళీ ఎగతాళిలాగే వినిపిస్తుంది. తల ఊపి, చారు పోయించుకున్నాను.