పడవలో ముందు కుర్చీ

మా పడవలో ముందు కుర్చీ నా భార్య లవెటాది. పెళ్ళయిన మరుసటి వేసవిలోనే అది ఖాయమైపోయింది. ముందు కూర్చున్నవాళ్ళు కాలితో చిన్న మోటారు నొక్కుతూ పడవను తమకు నచ్చిన వైపు తిప్పుకుంటారు. మంచి చోటు కనబడితే మొదటి గాలం వాళ్ళదే. వెనకున్నవాడికి మిగిలిందే దక్కుతుంది. ఆ వెనకున్నవాణ్ణి నేను. ఓరిన్ అంటే ఊళ్ళో సగం మందికి తెలియదు, లవెటా మొగుడంటే అందరికీ తెలుసు.

రేవు దగ్గర ఎరల దుకాణం నడిపే గ్రేడీ ఆమె తమ్ముడు. పడవను నీళ్ళలోకి దించేటప్పుడల్లా అడుగుతాడు.

"ఏం బావా, ఈ ఏడాదైనా ప్రమోషన్ వచ్చిందా?"

"మీ అక్కనే అడుగు."

"అడిగాను. ఇంకా ట్రైనింగులోనే ఉన్నాడంది."

ఏళ్ళ తరబడి ఇదే జోకు. మొదట్లో నాకు నిజంగానే ఒళ్ళు మండేది. ఒక్క శనివారం నన్ను ముందుకు రానిస్తే ఈమె సొమ్మేం పోయింది అనుకునేవాణ్ణి.

కానీ ఉన్నమాట చెప్పాలి. జూలైలో మిస్సోరీ ఎండకి సరస్సు పైనీళ్ళు స్నానానికి కాచినట్టుంటాయి. బాస్ చేపలు లోతుకి దిగిపోయి, డ్యాం కట్టినప్పుడు మునిగిన దేవదారు చెట్ల కొమ్మల్లో నక్కుతాయి. అక్కడికి పంపాల్సింది జిగ్. చిన్న సీసపు తల, దానికో కొక్కెం, చుట్టూ రబ్బరు కుచ్చు. అది కొమ్మ మీంచి కొమ్మ మీదకి దిగుతుంటే చేప వచ్చి నోట్లోకి పీలుస్తుంది, తినేది కాదని తెలియగానే ఉమ్మేస్తుంది. రెంటికీ మధ్య రెప్పపాటు కూడా ఉండదు. లాగడం, గుంజడం ఏమీ ఉండవు. చూపుడువేలి మీద ఆనించిన దారంలో 'టక్' అని చిన్న తాకిడి, అంతే. నాకు రాయి తగిలినా, కొమ్మ తగిలినా ఒకేలా ఉంటుంది. లవెటా అలా కాదు. "కొమ్మ... రాయి... బురద..." అని తనలో తాను గొణుక్కుంటూ ఉండేది. గొణుగుడు ఆగిందంటే చేతిలో గాలం రాడ్ పైకి లేచేది, చేప పడేది.

పోయినేడు వేసవి ముగుస్తుండగా ఆమె రొమ్ములో గడ్డ తీశారు. తరువాత కీమో. జుట్టు ఊడింది, మళ్ళీ ఉంగరాలు తిరిగి మరీ వచ్చింది. గండం గడిచిందని గ్రేడీ దుకాణం ముందు చేపలు వేయించి ఊరందరికీ పెట్టాం. ఆ సంబరంలో మేం గమనించని సంగతి ఒకటి మార్చిలో బయటపడింది. మొక్కజొన్న రొట్టె అయిందని ఓవెన్‌లోంచి ఇనుప పెనాన్ని ఒట్టి చేత్తో తీసింది. కాలిన వాసన నాకొచ్చింది. ఆమె నింపాదిగా పెనాన్ని పొయ్యి మీద పెట్టి, "ఏంటలా గుడ్లప్పగించి చూస్తున్నావ్?" అంది.

వేళ్ళ కొసల్లో స్పర్శ కీమో మందు వల్ల పోయింది. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు, తప్పిపోయిన పిల్లి సంగతి మాట్లాడుతున్నట్టు. ఏటా వసంతంలో వంటింటి బల్ల మీద జిగ్‌లకు కుచ్చులు కట్టుకునేది. ఈసారి రబ్బరు పోగులు చేతికి చిక్కలేదు. నేను కడతానన్నాను.

"నీ ముడులు చూస్తే చేపలు నవ్వి చస్తాయి," అంటూనే డబ్బా నావైపు తోసింది. పోట్లాడకుండా తోసేసినందుకు నాకు భయమేసింది.

జూలై మొదటి శనివారం తెల్లవారుతుండగా వెళ్ళాం. ఎప్పట్లాగే ముందు కూర్చుంది. ఎప్పట్లాగే దారాన్ని వేలి మీద వేసుకుంది. గొణుగుడు మాత్రం లేదు. కాసేపటికి ఆమె దారం నీళ్ళ మీద చటుక్కున పక్కకి జరగడం నేను వెనకనుంచి చూశాను. చేప! ఆమె కదల్లేదు. దారం మళ్ళీ వదులైంది. ఇంకాసేపటికి అలాగే ఇంకొకటి పోయింది.

మా నీళ్ళ మీద ఒక మర్యాద ఉంది. ఒకరి రాడ్‌ని, దారాన్ని ఇంకొకరు ముట్టుకోరు. ముట్టుకుంటే ఆ చేప ఎవరిదీ కాదు. ఒకసారి పెద్ద చేపతో పెనుగులాడుతూ లవెటా తూలిపడబోతే నేను ఆమె రాడ్ పట్టుకున్నాను. ఆ చేపని పడవలోకి తీసి, నావైపు కూడా చూడకుండా వదిలేసింది.

ఆ మనిషి ఇప్పుడు వెనక్కి తిరక్కుండానే, "ఓరిన్, ఇలా రా," అంది. "నా దారం మీద వేలు పెట్టు."

"లవెటా..."

"పెట్టమన్నానా?"

ఆమె కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, రీలుకి ముందు దారం మీద వేలు ఆనించాను. జిగ్ దిగుతోంది. కొమ్మ. కొమ్మ. టక్.

"ఇప్పుడు!"

ఎత్తింది. ఖాళీ. మళ్ళీ వేసింది, మళ్ళీ అరిచాను, మళ్ళీ ఖాళీ. నా వేలికి తెలిసింది నోటికొచ్చి, నోట్లోంచి ఆమె చెవికి చేరేలోపు చేప వెళ్ళిపోతోంది. ఎంత తొందరగా అరిచినా అంతే. ఆ పూట నా గొంతు మీద నాకే అసహ్యం వేసింది.

ఆమె జిగ్ పైకి చుట్టేసి లేచి నిలబడింది. "నీ ట్రైనింగు అయిపోయింది. రా, కూర్చో."

"నాకొద్దు."

"ఎండెక్కుతోంది, నాటకాలాడకు."

కూర్చున్నాను. ఇన్నేళ్ళూ దీనికోసమే కదా ఏడ్చాను! ఆమె వెనక కుర్చీలోకి వెళ్ళి చేతులు ఒళ్ళో పెట్టుకుంది. జిగ్ వేశాను. టక్ మంది. కావాలనే ఊరుకున్నాను.

"రాయి," అన్నాను.

"దారం పక్కకి పరిగెత్తింది. రాళ్ళకి తోకలెప్పుడు మొలిచాయి?" అంది వెనకనుంచి. "నా వేళ్ళు పోయాయి గానీ కళ్ళు పోలేదు. ఇంకోసారి జాలిపడి వదిలేశావంటే నిన్ను నీళ్ళలోకి తోసేసి నేనే పడవ నడుపుకుంటూ వెళ్ళిపోతా."

మళ్ళీ తగిలినప్పుడు ఎత్తాను. పడింది, మంచి చేపే. ఆమే వలతో అందుకుని, కింది పెదవి దగ్గర బొటనవేలు నోట్లోకి పెట్టి పట్టుకుంది. బాస్ నోరు గరుకుగా ఉంటుంది, పట్టుకున్నవాళ్ళ వేలి చర్మం గీరుకుపోతుంది. ఆమె ఆ వేలివంక కాసేపు చూసి, చేపని నీళ్ళలోకి వదిలింది.

"ఎలా ఉంది?" అని అడిగింది.

"బాగా పెద్దదే."

"చేప కాదు. ఆ తగలడం. నాకు మర్చిపోతున్నట్టుంది, ఓరిన్. ఎలా ఉంటుందో చెప్పు."

లేచి ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆమె చెయ్యి పట్టుకుని, స్పర్శ ఇంకా ఉన్న మోచేతి దగ్గర వేలితో తట్టాను. "ఇలా."

"అంత గట్టిగానా? ఏనుగేమన్నా తగిలిందా నీకు?"

ఇంకొంచెం మెల్లగా తట్టాను.

"ఇంకా మెల్లగా."

తగిలిందో లేదో నాకే తెలియనంత మెల్లగా తట్టాను. లవెటా కళ్ళు మూసుకుంది.

"అదీ," అంది. "ఇంకోసారి."